జెడ్ డ్రైవ్ తెరుచుకోనప్పుడు

(పాలకొల్లులో రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, ఆడిటర్ల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునేవారి కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండి, ఇటు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పొద్దున్నే వస్తాం, కంప్యూటర్ ఆన్ చేస్తాం, జెడ్ డ్రైవ్‌లో ఉన్న లెక్కల ఫైలు మీద రెండుసార్లు నొక్కుతాం. ఫైలు రాదు, ఓ డబ్బా వస్తుంది. అందులో ఇంగ్లీషులో ఏదో ఉంటుంది. అప్పుడేం చేస్తామండీ? చదవం. ఓకే కొట్టేసి రీస్టార్ట్ చేస్తాం. కుదరకపోతే అందరి ఫైళ్ళూ దాచే సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తాం. అప్పటికీ కుదరకపోతే ఫోను తీస్తాం. చాలాసార్లు రీస్టార్ట్‌తోనే బాగవుతుంది, అబద్ధం ఎందుకు! చిక్కేమిటంటే, ఏది బాగయిందో మనకి తెలీదు. తెలీదు కాబట్టి అదే ఎర్రర్ గురువారం మళ్ళీ వస్తుంది.

మన డెల్టాలో శివారు చేనుకి నీళ్ళు రాలేదనుకోండి. రైతు ఏం చేస్తాడు? చేలో గొయ్యి తవ్వుతాడా? తవ్వడు. గట్టు పట్టుకుని ఎగువకి నడుస్తాడు. పక్క చేనుకి వస్తున్నాయా? బోదెలో ఉన్నాయా? తూము తెరిచుందా? కాలువకి అసలు వదిలారా లేదా? నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో కనిపెట్టాక పార పైకెత్తుతాడు. అంతకుముందు ఎత్తడు.

నెట్‌వర్క్ డ్రైవ్ కూడా అంతేనండీ. జెడ్ అని మీ తెర మీద కనబడుతుంది గానీ అది మీ కంప్యూటర్‌లో లేదు. ఆ ఫైలు ఎక్కడో సర్వర్ డిస్కులో ఉంది. అక్కడ షేరింగు, దానికి కాపలా కాసే ఫైర్‌వాల్, తర్వాత కేబులు, కేబుళ్ళన్నీ కలిసే స్విచ్ పెట్టె, మళ్ళీ కేబులు, మీ విండోస్, మీ పాస్‌వర్డ్, ఆఖర్న ఎక్సెల్. వీటిలో ఎక్కడ తెగినా ఎక్సెల్ చెప్పేది ఒక్కటే: ఫైలు తెరవలేకపోయాను. అది శివారున ఉంది కదండీ, లాకుల దగ్గర ఏం జరిగిందో దానికేం తెలుస్తుంది?

అంచేత దేనిమీదా చెయ్యి వెయ్యకముందు మూడు ప్రశ్నలు. ఈ ఒక్క ఫైలేనా, డ్రైవ్ మొత్తమా? ఈ ఒక్క కంప్యూటరేనా, అందరికీనా? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది? కరెంటు పోయి వచ్చిందా, విండోస్ అప్‌డేట్ అయిందా, రూటర్ మార్చారా, పాస్‌వర్డ్ మార్చారా? ఈ మూడింటికీ రెండు నిమిషాలు చాలు. డ్రైవ్ మొత్తం అందరికీ రాకపోతే తప్పు సర్వర్ దగ్గరో స్విచ్ దగ్గరో ఉంది. మీ ఎక్సెల్‌ని రిపేర్ చేసి లాభం లేదు. ఒక్క కంప్యూటర్‌కే రాకపోతే సర్వర్ జోలికి వెళ్ళకండి, అక్కడ పది మంది పని చేసుకుంటున్నారు. ఒక్క ఫైలే రాకపోతే కేబులు లాగి చూడ్డం అనవసరం.

ఇంకో మాట. ఆ డబ్బాలో అంకె ఉంటే ఫోనుతో ఫొటో తీయండి. ఆ అంకె చాలా చెబుతుంది. మీకు ఎక్కువగా కనబడేది సున్నా ఎక్స్ 80070035. చూట్టానికి భయంగా ఉంటుంది గానీ, చివరి 35 చూడండి చాలు. అది పదహారు లెక్కలో రాసింది. 3 పదహార్లు 48, దానికి 5 కలిపితే 53. ఎర్రర్ 53 అంటే ఆ పేరుగల కంప్యూటర్‌కి దారి దొరకలేదని. చివర 43 ఉంటే 4 పదహార్లు 64, మూడు కలిపితే 67: సర్వర్ దొరికింది గానీ అందులో ఆ పేరుతో షేర్ లేదు, సాధారణంగా ఎవరో ఫోల్డర్ పేరు మార్చేసుంటారు. చివర 05 అంటే 5, అనుమతి లేదని. చివర 40 అంటే 64, మధ్యలో లైను తెగిందని. ఈ నాలుగూ గోడ మీద రాసి అంటించుకోండి.

ముందు డ్రైవ్ మొత్తం రాని సంగతి చూద్దాం. ఎర్ర ఇంటూ గుర్తు పడి ఉంటుంది. అది చూడగానే కంగారు పడకండి. వైఫై మీద నడిచే ల్యాప్‌టాప్‌లో విండోస్ ముందు లేస్తుంది, వైఫై తర్వాత అందుకుంటుంది. డ్రైవ్‌లు కలుపుదామని చూసేసరికి నెట్‌వర్క్ ఇంకా రాలేదు. అందుకే ఎర్ర ఇంటూ. డ్రైవ్ మీద నొక్కితే తెరుచుకుంటే అది జబ్బు కాదు. అలాగే 15 నిమిషాలు ఎవరూ వాడకపోతే విండోస్ సర్వర్ తనంతట తనే కనెక్షన్ వదిలేస్తుంది, అది దాని అలవాటు. నొక్కితే మళ్ళీ కలుస్తుంది. నొక్కినా తెరుచుకోకపోతేనే మన పని మొదలు.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, కాస్త ఎడం వదిలి సర్వర్ పేరు కొట్టండి. జవాబు వచ్చిందా? సరే. రాలేదా? ఈసారి పేరు బదులు సర్వర్ ఐపీ అంకెలు, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, కొట్టండి. అంకెలకి జవాబొచ్చి పేరుకి రాకపోతే, సర్వర్ ఉంది, దారి ఉంది, పేరు మాత్రమే పోయింది. రెండింటికీ రాకపోయినా సర్వర్ చచ్చిపోయిందని తేల్చెయ్యకండి. ఫైర్‌వాల్ పింగ్‌ని మాత్రమే ఆపుతూ ఉండొచ్చు. అసలు పరీక్ష ఏమిటంటే, ఫైలు షేరింగు నడిచేది 445 నంబరు పోర్టు, అంటే ఆ నంబరు తలుపు, మీద. పవర్‌షెల్‌లో టెస్ట్ నెట్‌కనెక్షన్ అనే కమాండ్ ఉంది. దానికి సర్వర్ పేరు, పోర్టు 445 ఇస్తే చివరి వరసలో ట్రూ అనో ఫాల్స్ అనో చెబుతుంది. ట్రూ వస్తే తూముదాకా నీళ్ళున్నట్టే, ఇక పాస్‌వర్డో అనుమతో చూసుకోవాలి. ఫాల్స్ వస్తే ఎగువకి నడవాలి.

ఎగువన ఏముంటుంది? మన వైపు ముందు చూడాల్సింది కరెంటు. అందరి దగ్గరా సర్వర్‌కి యూపీఎస్ ఉంది, మీ సిస్టమ్‌కి కూడా ఉంది. మరి స్విచ్‌కి ఉందా? చెప్పండి, ఎంతమంది స్విచ్‌కి యూపీఎస్ పెట్టారు? చూశారా, చేతులు పెద్దగా లేవలేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త టైములో స్విచ్ ఆరి మళ్ళీ వెలుగుతుంది. మీ సిస్టమ్ వెలుగుతూనే ఉంది, సర్వర్ కూడా వెలుగుతూనే ఉంది, మధ్యలో వంతెన కూలిపోయింది. తెరిచి ఉన్న ఎక్సెల్‌ని సేవ్ చేస్తే ఎర్రర్ 64. స్విచ్ తినే కరెంటు బల్బు తినేంత కూడా ఉండదు. సర్వర్ యూపీఎస్‌లోనే దానికీ ఓ ప్లగ్ ఇవ్వండి, రూటర్‌కి కూడా.

ఇంకోటి. కరెంటు పోయొస్తే రూటర్ ఐపీ అంకెలు మళ్ళీ పంచిపెడుతుంది. నిన్న సర్వర్‌కి చివర 10 ఇచ్చింది, ఇవాళ 14 ఇచ్చింది. మీరు డ్రైవ్‌ని అంకెలతో కట్టుకున్నారు కాబట్టి మీ సిస్టమ్ ఇంకా పాత 10 నంబరు తలుపు కొడుతూ ఉంటుంది. రూటర్ సెట్టింగ్స్‌లో సర్వర్‌కి ఒకే అడ్రస్ రిజర్వ్ చేయండి. చేసి, డ్రైవ్‌ని మాత్రం పేరుతోనే కట్టండి, అంకెలతో కాదు. ఎంచేతంటే, దీనికి ఇంకో కారణం ఉంది, ఎక్సెల్ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. పేరు పట్టుకోవడం మొరాయిస్తే, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ, అక్కడ హోస్ట్స్ అని ఓ ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అందులో ఒక వరస రాయండి: ముందు ఐపీ, తర్వాత పేరు. అంతే.

సర్వర్ అని మనం గౌరవంగా అంటాం గానీ, చాలాచోట్ల అది గుమాస్తా గారి పక్కనున్న మామూలు డెస్క్‌టాపే. మామూలు డెస్క్‌టాప్ ఏం చేస్తుంది? నిద్రపోతుంది. భోజనానికి వెళ్ళొచ్చేసరికి డ్రైవ్ పోయిందంటే ముందు అదే అనుమానించండి. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ నెవర్ అని పెట్టండి. అదొక్కటే చాలదు, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ ఆదా చేయడానికి దీన్ని ఆపవచ్చు అనే గడి ఉంటుంది, దానికున్న టిక్కు తీసెయ్యండి. రూటర్ మార్చినా విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ అని పెట్టేస్తుంది. పబ్లిక్ అంటే బస్టాండులో కూర్చున్నట్టు, షేరింగు తలుపులన్నీ మూసేస్తుంది. సర్వర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి ఆ నెట్‌వర్క్‌ని ప్రైవేట్‌గా మార్చండి. అంతే గానీ ఫైర్‌వాల్ మొత్తం ఆపేయకండి. చాలామంది ఆపేస్తారు, పని జరుగుతుంది, మళ్ళీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు పాస్‌వర్డ్ గొడవ. దారి బాగుంది, పోర్టు ట్రూ అంది, అయినా యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏది కొట్టినా కాదంటోంది. ఎర్రర్ 1326. ఏం కొడుతున్నారండీ మీరు? పొద్దున్న సిస్టమ్ తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్ను కొడుతున్నారు! ఆ పిన్ను ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. సర్వర్‌లో ఉన్న యూజర్ ఖాతా పాస్‌వర్డ్ కావాలి. మరి సర్వర్ ఖాతాకి పాస్‌వర్డే లేదనుకోండి? ఖాళీగా వదిలేసి ఎంటర్ కొడితే చాలనుకుంటాం. చాలదు. పాస్‌వర్డ్ లేని ఖాతాతో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లోపలికి వెళ్ళొచ్చు గానీ నెట్‌వర్క్ మీంచి రానివ్వకూడదని విండోస్‌లో మొదటినుంచీ కట్టడి ఉంది. ఆ కట్టడిని తీయకండి, ఖాతాకి పాస్‌వర్డ్ పెట్టండి.

అన్నీ బాగానే నడిచి ఆరు వారాలకి ఒక్కసారిగా ఆగిపోయిందా? సరిగ్గా 42 రోజులు లెక్కపెట్టండి. విండోస్ లోకల్ పాలసీలో పాస్‌వర్డ్ గడువు మామూలుగా 42 రోజులు. షేరింగు కోసం ఖాతా చేసినప్పుడు గడువు వద్దు అనే టిక్కు మర్చిపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది. పాస్‌వర్డ్ మార్చాక మిగతా కంప్యూటర్లలో పాతది దాచుకుని ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ సర్వర్ పేరున్న వరస తీసేసి కొత్తది ఇవ్వండి.

1219 అని ఒకటుంది, అది మనుషుల్ని తిప్పలు పెడుతుంది. ఒకే సర్వర్‌కి ఒకే సిస్టమ్ నుంచి ఒకేసారి ఇద్దరు యూజర్ల పేర్లతో వెళ్తానంటే విండోస్ ఒప్పుకోదు. లెక్కల ఫోల్డర్‌కి ఒక పేరు, జీతాల ఫోల్డర్‌కి ఇంకో పేరు పెట్టినచోట ఇది వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ అని కొడితే ఇప్పుడున్న కనెక్షన్లన్నీ కనబడతాయి. అక్కర్లేనిదాన్ని డిలీట్‌తో తెంపి, లాగాఫ్ అయి రండి. అసలు మందేమిటంటే ఒక మనిషికి ఒక్క ఖాతా, ఏ ఫోల్డర్ చూడొచ్చో అనుమతుల్లో తేల్చుకోవడం.

అప్‌డేట్ అయ్యాక ఆగిపోయిందనే ఫిర్యాదు ఈ మధ్య ఎక్కువైంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కదా, అందరూ 11కి మారుతున్నారు. 11లో 2024లో వచ్చిన 24హెచ్2 అనే వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో గెస్ట్‌గా, అంటే పేరూ ఊరూ లేకుండా, షేర్‌లోకి వెళ్ళడం కుదరదు. ప్రతి మాటకీ సంతకం అడుగుతుంది. పేరు లేనివాడు సంతకం ఏం పెడతాడు? పాత నాస్ పెట్టెలు, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కు పెట్టెలు, పాస్‌వర్డ్ లేకుండా వాడుకుంటున్నవాళ్ళకి ఒకే రోజున ఆగిపోయేది ఇందుకే. నాస్‌లో ఒక యూజర్‌ని చేసి పాస్‌వర్డ్ ఇచ్చి ఆ పేరుతో డ్రైవ్ కట్టండి, ఆ చిక్కు పోతుంది.

దీనికంటే పాతది ఎస్ఎంబీ 1, ఫైలు షేరింగు కోసం కంప్యూటర్లు మాట్లాడుకునే పాత భాష. మిల్లుల్లో కాటా దగ్గర ఇంకా ఎక్స్‌పీ నడుస్తోంది కదండీ? నవ్వకండి, నడుస్తోంది. ఎక్స్‌పీకి వచ్చిన భాష ఎస్ఎంబీ 1 ఒక్కటే. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలేసింది ఆ భాషలో ఉన్న లొసుగు పట్టుకునే. ఆ ఏడాది చివర్నుంచి కొత్తగా వేసే విండోస్‌లలో దాన్ని తీసేశారు. కాబట్టి కొత్త కంప్యూటర్‌కి కాటా కంప్యూటర్ షేర్ కనబడకపోతే అది చెడిపోవడం కాదు, ఒకరి భాష ఒకరికి రాదు. ఎస్ఎంబీ 1 మళ్ళీ ఆన్ చేయొచ్చు, విండోస్ ఫీచర్స్‌లో గడి ఉంది. నేనైతే చేయవద్దంటాను. ఆ ఒక్క కాటా కోసం ఆఫీసు మొత్తం తలుపు తీసి పెట్టడం దేనికి? తూకాల ఫైలుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా మేలే. పాత జెరాక్స్ మెషీన్లు స్కాన్ చేసి ఫోల్డర్‌లోకి పంపడం మానేసినా ఇదే కారణం కావచ్చు.

సరే, డ్రైవ్ తెరుచుకుంది, ఒక్క ఫైలే రావట్లేదు. ఇక్కడ రకరకాలు.

మొదటిది, ఇంకొకరు తెరిచి ఉంచారని చెప్పడం. ఎవరు తెరిచారో పేరు కూడా చూపిస్తుంది. కానీ ఆ పేరు విండోస్ ఖాతా పేరు కాదు, ఎక్సెల్ ఆప్షన్స్‌లో జనరల్ కింద రాసి ఉన్న పేరు. అన్ని సిస్టమ్‌లలోనూ ఆఫీస్ వేసినవాడు యూజర్ అని కొట్టేసి పోతే, అందరి పేరూ యూజరే. ఇక ఎవర్ని అడుగుతారు? ఇవాళ వెళ్ళగానే ప్రతి సిస్టమ్‌లో మనిషి పేరు పెట్టండి. ఎవరూ తెరవలేదు, అయినా తాళం ఉందంటే, ఎవరిదో సిస్టమ్ మధ్యలో ఆగిపోయి ఉంటుంది. సర్వర్ కొన్ని నిమిషాలు ఆ తాళం పట్టుకునే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. వదలకపోతే సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, అందులో షేర్డ్ ఫోల్డర్స్, అందులో ఓపెన్ ఫైల్స్. ఏ ఫైలు ఏ ఖాతాతో తెరిచుందో అక్కడ కనబడుతుంది. రైట్ క్లిక్ చేసి మూసెయ్యొచ్చు, కానీ అవతలివాళ్ళు సేవ్ చేయని పని పోతుంది, కేకేసి అడిగి మూయండి. అదే ఫోల్డర్‌లో దాచి ఉన్న ఫైళ్ళు కనబడేలా పెడితే, ముందు అల గీత, డాలరు గుర్తుతో మొదలయ్యే బుల్లి ఫైలు ఉంటుంది. ఎవరి దగ్గరా తెరిచి లేదని తేల్చుకున్నాక దాన్ని తీసేయండి.

రెండోది అనుమతి. షేర్‌కి ఒక అనుమతి, ఫోల్డర్‌కి ఇంకో అనుమతి ఉంటాయి, రెండిట్లో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. ఒక్క ఫైలుకే అనుమతి లేదంటే, దాన్ని సర్వర్‌లో అదే డ్రైవ్‌లోని వేరే ఫోల్డర్ నుంచి కట్ పేస్ట్ చేసి తెచ్చారేమో అడగండి. కట్ చేసి తెస్తే పాత ఇంటి అనుమతులు వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేస్తే కొత్త ఇంటివి తీసుకుంటుంది.

మూడోది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. ఎక్సెల్‌కి ఫైలు దారీ పేరూ మొత్తం కలిపి 218 అక్షరాలు దాటకూడదు. విండోస్‌కి మామూలుగా 260. మనం ఫోల్డర్ లోపల ఫోల్డర్, దానిలోపల ఫోల్డర్, అన్నిటికీ తెలుగు పేర్లు. శ్రీ అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఎన్నో తెలుసా? శ, పొల్లు, ర, దీర్ఘం, నాలుగు. శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర అని ఫోల్డర్‌కి పేరు పెట్టేసరికి ఎంత పోయిందో మీరే లెక్కేసుకోండి. సర్వర్‌లో తెరుచుకున్న ఫైలు మన దగ్గర ఫైలు దొరకలేదంటే దారి పొడవు చూడండి. లోపలి ఫోల్డర్‌నే విడిగా షేర్ చేసి దానికో డ్రైవ్ అక్షరం ఇస్తే దారి పొట్టిదైపోతుంది.

ఇందాక అంకెలతో డ్రైవ్ కట్టొద్దని అన్నాను, గుర్తుందా? దారిలో చుక్కలుంటే, అంటే ఐపీ అంకెల మధ్య చుక్కలుంటాయి కదా, విండోస్ దాన్ని ఇంటర్నెట్ అనుకుంటుంది. మీ పక్క గదిలో ఉన్న సర్వరే అయినా సరే. అప్పుడు ఫైలు చదవడానికి మాత్రమే వీలున్న ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుచుకుంటుంది, మాక్రోలు, అంటే ఫైల్లోనే ఉండే చిన్న ప్రోగ్రాములు, ఉంటే ఎర్ర పట్టీ వేసి ఆపేస్తుంది. 2022 నుంచి ఆఫీస్ ఇంటర్నెట్ ఫైళ్ళ మాక్రోలని మామూలుగా నడవనివ్వదు. చుక్కల్లేని పేరుతో కడితే అది లోపలి నెట్‌వర్క్ అని తెలుసుకుంటుంది. కట్టే అవకాశం లేకపోతే ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో సెక్యూరిటీ, లోకల్ ఇంట్రానెట్, సైట్స్ అనే చోట ఆ అడ్రస్ చేర్చండి.

టాలీ వాడేవాళ్ళకి ఒకటి. ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ కనబడుతుంది, టాలీ మాత్రం ఆ దారి లేదంటుంది. మీరు టాలీని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో నడుపుతున్నారా? మీ మామూలు ఖాతా కట్టిన డ్రైవ్ అడ్మినిస్ట్రేటర్ హోదాకి కనబడదు. విండోస్ లెక్కలో వాళ్ళిద్దరూ వేరు మనుషులు. షార్ట్‌కట్‌లో ఆ టిక్కు తీసెయ్యండి, లేదా జెడ్ బదులు రెండు వెనక్కి వాలిన గీతలతో మొదలయ్యే పూర్తి దారి ఇవ్వండి.

డీటీపీ వాళ్ళు వచ్చారా? పెళ్ళి కార్డు ఫైలు తెరుచుకుంది, అక్షరాలన్నీ పిచ్చిగీతలు. ఇది నెట్‌వర్క్ తప్పు కాదండీ. ఫైలు జెడ్‌లో ఉంది, అను ఫాంట్లు మాత్రం ఆ ఒక్క సిస్టమ్‌లో ఉన్నాయి. ఫాంటు లేనిచోట ఆ తెలుగు తెలుగులా కనబడదు.

ఇక తెరుచుకుంటుంది గానీ అరగంట పడుతుంది, లేదా ఫైలు పాడయిందంటుంది. కేబులు చూడండి. ఒక ముక్క 100 మీటర్లు దాటకూడదు. గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ కావాలి, నాలుగే సరిగ్గా అంటితే 100 మెగాబిట్లకి పడిపోతుంది. అంటే సెకనుకి 110 ఎంబీ దాకా రావాల్సింది 11 దగ్గర ఆగుతుంది. మన తేమకి, సముద్రం వైపు ఉప్పుగాలికి కేబులు కొసన పిన్నులకి చిలుము పడుతుంది. ధాన్యం ఉన్నచోట ఎలుకల సంగతి సరేసరి. కొత్త కొస కొట్టించడం చవక. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ మాత్రం కొనకండి. యాక్సెస్ డేటాబేస్‌ని వైఫై మీద తెరవొద్దు; రాస్తుండగా ఒక్క క్షణం తెగినా ఫైలు పాడవుతుంది. అవుట్‌లుక్ మెయిళ్ళు దాచే పీఎస్‌టీ ఫైలుని నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టడానికి మైక్రోసాఫ్ట్ మద్దతే లేదు. దాన్ని సిస్టమ్‌లోనే ఉంచి, అవుట్‌లుక్ మూసి బ్యాకప్ తీసుకోండి.

ఒక్కటి మాత్రం నిదానంగా వెతకాల్సింది కాదు. ఫైళ్ళ పేర్ల చివర తెలియని తోకలు మొలిచి, ఏ సిస్టమ్‌లోనూ తెరుచుకోకుండా, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు అడిగే చీటీ కనబడితే, వెంటనే సర్వర్ నుంచి నెట్‌వర్క్ కేబులు పీకండి. బ్యాకప్ డిస్కు తగిలించి ఉంటే అదీ పీకండి. తర్వాత సర్వర్ దగ్గరే కూర్చుని ఆ చీటీ ఫైలు ప్రాపర్టీస్‌లో ఓనర్ ఎవరో చూడండి. ఏ ఖాతా పేరుంటే చాలావరకు ఆ మనిషి సిస్టమ్ నుంచే వచ్చుంటుంది. దాన్ని శుభ్రం చేసేదాకా బ్యాకప్ ముట్టుకోవద్దు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనక అన్నగారు అడుగుతున్నారు: ఇరవై ఒకటో సిస్టమ్ పెట్టాం, ఒకరు వస్తే ఇంకొకరికి రావట్లేదు అని. సర్వర్‌గా మామూలు విండోస్ 10, 11 వాడుతున్నారు కదండీ? దానికి ఒకేసారి 20 కనెక్షన్లే. అది లైసెన్సు హద్దు, సెట్టింగులో పెంచేది కాదు. నాస్ కొనాలి, లేదా విండోస్ సర్వర్ పెట్టుకోవాలి.

ఇంకెవరు? అమ్మా, మీరు చెప్పండి. జెడ్‌లో డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో లేదు. ఉండదమ్మా. నెట్‌వర్క్ డ్రైవ్‌లో తీసేసింది మీ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. సర్వర్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ అనే చోట చూడండి. ముందుగా ఆన్ చేసి ఉంటేనే అక్కడ పాత కాపీలుంటాయి. నాస్ అయితే దాని సొంత రీసైకిల్ ఫోల్డర్ ఉంటుంది, అదీ ఆన్ చేసి ఉండాలి. రెండూ లేకపోతే నిన్న రాత్రి బ్యాకప్ ఒక్కటే. తీశారా నిన్న?